పెరటి పండ్ల చెట్లు: ఏటా చిన్న కత్తిరింపా, ఒక్కసారి పెద్ద కోతా, వదిలెయ్యడమా?

పెరట్లో చెట్టు మేడ దాటిపోయాక ఇంటివాళ్లకు మూడు రకాల సలహాలు వస్తాయి. సగానికి కొట్టించెయ్యమని ఒకరంటారు. కాసే చెట్టు మీద కత్తి పెట్టకూడదని ఇంకొకరంటారు. ఏటా కొంచెం కొంచెం కత్తిరించుకోమని మరొకరు చెబుతారు. మూడూ సరైన మాటలే, కాకపోతే వేరువేరు చెట్లకు. జామకు మేలు చేసే కోత సపోటాకు కాపు పోగొడుతుంది. జూన్‌లో మామిడికి మంచిదైన పనే అక్టోబరులో చేస్తే ఆ ఏడు పూత ఆశ వదులుకోవాలి.

ఏ చెట్టుకు ఏ సలహా పనికొస్తుందో తేల్చుకోవాలంటే ముందు అది ఏ కొమ్మ మీద కాస్తుందో తెలియాలి. జామ, రేగు ఈ ఏడు వచ్చిన లేత కొమ్మ మీదే పూస్తాయి. అందుకే వాటిని ఎంత కత్తిరిస్తే అంత కొత్త కొమ్మ, అంత పూత. మామిడి పూత కొమ్మ చివర వస్తుంది. ఆ కొమ్మ కూడా మూడు నాలుగు నెలలు ముదిరి ఉండాలి, కనుక కత్తిరించాక చెట్టుకు ఆ గడువు దొరకాలి. సపోటా కొమ్మల చివర్లలో ఏడాది పొడుగునా పూత, పిందె, కాయ కలిసి ఉంటాయి. ఎప్పుడు చివర తుంచినా ఎంతో కొంత కాపు పోతుంది. సీతాఫలం పోయినేటి కొమ్మ మీదా, కొత్త చిగురు మీదా కాస్తుంది. దానిమ్మ కాపు ముదురు కొమ్మల మీది పొట్టి రెమ్మల మీద ఎక్కువ. పనస బోదె మీదే కాస్తుంది కాబట్టి బోదె నుంచి వచ్చే పొట్టి రెమ్మలను శుభ్రం పేరుతో గీకెయ్యకూడదు.

మామిడి: ఎంత కొట్టాలన్నదానికన్నా ఎప్పుడన్నది ముఖ్యం

మన దగ్గర బంగినపల్లి కోతలు మే చివరికో జూన్ మొదటికో ముగుస్తాయి. కాయ దిగిన రెండు మూడు వారాల్లో, అంటే మృగశిర, ఆరుద్ర కార్తెల్లో కత్తిరింపు అయిపోవాలి. అలా చేస్తే నెల తిరక్కుండా ఒక ఇగురు వస్తుంది, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంకొకటి వస్తుంది, నవంబరుకల్లా రెండూ ముదిరి డిసెంబరు, జనవరిలో పూతకు సిద్ధంగా ఉంటాయి. దసరా సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలతో కొమ్మలు కొట్టించుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ కోతకు నవంబరులో లేత ఎర్ర ఇగురు పుట్టుకొస్తుంది, పూత రావలసిన వేళకు చెట్టు నిండా ఆకే ఉంటుంది. చెట్టుకు రోగమేమీ లేదు, గడువు చాలలేదంతే. జూలై దాటిపోతే ఎండు పుల్లలు తీసి సరిపెట్టుకోండి, పచ్చి కొమ్మ పని వచ్చే ఏటికి ఉంచండి.

ఏటా చేసే చిన్న కత్తిరింపులో పనులు మూడే. ఒకటి, కాయ దిగాక మిగిలిపోయిన ఎండు పూత కాడలను వాటి కింద జానెడు కొమ్మతో సహా తీసెయ్యడం. రెండు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనదాన్ని, లోపలికి తిరిగిన కొమ్మలను మొదట్లోకి తీసెయ్యడం. మూడు, నడిమధ్య నిట్టనిలువుగా ఎగసిన కొమ్మ ఒకటో రెండో తీసి నడినెత్తికి ఎండ దిగనివ్వడం. మధ్యాహ్నం పన్నెండింటికి చెట్టు కింద నిలబడి చూడండి. నేల మీద అక్కడక్కడా ఎండ మచ్చలు పడుతుంటే చాలు. చిక్కటి నీడ తప్ప ఏమీ లేకపోతే తేనెమంచు పురుగుకు మీరే చోటిచ్చినట్టు. ఆ పురుగు విసర్జించే జిగురు మీదే ఆకులకు మసి పడుతుంది. మొత్తం మీద ఒక ఏట పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయకండి.

ఎక్కడ కోశామన్నది కూడా లెక్కే. మామిడి కొమ్మను గమనిస్తే ఆకులు దాని పొడుగునా సమంగా ఉండవు. ఒక్కో ఇగురు ఆగిన చోట కణుపులన్నీ దగ్గరగా చేరి ఆకులు గుత్తిలా ఉంటాయి, తర్వాత కొంత బోడి కొమ్మ, మళ్లీ గుత్తి. గుత్తికి సరిగ్గా పైన కోస్తే ఆ కణుపులన్నీ ఒక్కసారి లేచి ఆరేడు సన్న రెమ్మలు చీపురులా వస్తాయి. గుత్తికి కింద, బోడి భాగంలో కోస్తే రెండు మూడే వస్తాయి కానీ బలంగా వస్తాయి. పెరటి చెట్టుకు రెండోదే మంచిది. పైన కోసినా ఫర్వాలేదు, నెలన్నర తర్వాత వచ్చి మంచివి రెండో మూడో ఉంచి మిగతావి చేత్తో తుంచాలి. చాలామంది మరిచిపోయేది ఈ రెండో రాకనే.

మామిడి సొన చర్మాన్ని కాలుస్తుంది. నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు లేకుండా తల పైనున్న కొమ్మ కొయ్యకండి.

పాత మామిడి: సగానికి కొట్టించాలా?

ముప్పై నలభై అడుగులు పెరిగి, చిక్కానికి అందక, పైన గొడుగులా మాత్రమే ఆకున్న చెట్టుకు చిన్న కత్తిరింపుతో ఏమీ ఒరగదు. ఇక్కడ నిజంగానే ఎంచుకోవలసి వస్తుంది.

ఒకే విడతలో అన్ని పెద్ద కొమ్మలను పది పన్నెండు అడుగుల ఎత్తున కోసెయ్యడం ఒక దారి. లక్నోలోని కేంద్ర ఉపోష్ణ ఉద్యాన సంస్థ ముదురు తోటలకు చెప్పే పునరుద్ధరణ ఈ తరహాదే. పని ఒక్కరోజులో అయిపోతుంది, కూలీ ఒక్కసారే. కానీ రెండు మూడేళ్లు కాయ మాట మరిచిపోవాలి. ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండకు పడి పగులుతుంది. పెద్ద కోతలున్న చెట్టును కాండం తొలిచే పురుగు వెతుక్కుంటూ వస్తుంది. తోటలో వంద చెట్లలో రెండు పోతే రైతు తట్టుకుంటాడు, పెరట్లో ఉన్నది ఒక్కటే చెట్టు.

అందుకని ఇంటి చెట్టుకు మా ఓటు విడతల పద్ధతికే. ఎడంగా, నాలుగు దిక్కులకూ ఉన్న మూడు నాలుగు పెద్ద కొమ్మలను అట్టిపెట్టవలసినవిగా ముందు గుర్తు పెట్టుకోండి. మధ్యలో నిలువుగా పోయినదాన్ని మొదటి ఏడు పూర్తిగా తీసెయ్యండి, మిగతావాటిలో సగాన్ని పది పన్నెండు అడుగుల దగ్గర కోయండి. ఆ కోతల దగ్గర పుట్టిన ఇగుర్లు గట్టిపడ్డాక, రెండో ఏడు, మిగిలిన సగం. చెట్టుకు తిండి తయారుచేసుకునే ఆకు ఎప్పుడూ కొంత ఉంటుంది, బెరడుకు కొంత నీడ ఉంటుంది, ఇంటికి నాలుగు కాయలైనా దక్కుతాయి. కూలీ రెండుసార్లు అవుతుంది, అది తప్పదు.

కోసిన చోట రెండు నెలల్లో పదుల కొద్దీ మొలకలు లేస్తాయి. నాలుగైదు నెలలప్పుడు ఒక్కో కొమ్మకు బయటివైపు తిరిగిన, ఎడంగా ఉన్న ఆరేడు ఉంచి మిగతావి తీసెయ్యాలి. అలా తీయకపోతే మూడేళ్లకు ఆ చెట్టు మొదటికన్నా గుబురుగా, కాపు లేకుండా ఉంటుంది. సగానికి కొట్టించాక కాయడం మానేసిందని చెప్పే చెట్లలో ఎక్కువ వాటి కథ ఇదే.

ఇంకో దారి టెంక నుంచి మొలిచిన, రుచిలేని పుల్ల మామిడికి పనికొస్తుంది. పెద్ద కోత తర్వాత వచ్చిన ఇగుర్లు పెన్సిల్ లావు కాగానే వానాకాలంలో వాటి మీద మంచి రకం అంటు కట్టించుకోవచ్చు. వేళ్లు పాతవే కనుక కొత్త మొక్క కన్నా త్వరగా కాపుకొస్తుంది. మొదలు బోలు పడిన చెట్టుకు మాత్రం ఇవేవీ వద్దు. ఎండు కొమ్మలు తీయిస్తూ ఉన్నన్నాళ్లు ఉంచుకోవడమే. తీసేయాలనుకుంటే 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద అనుమతి కావాలేమో ముందు మీ స్థానిక కార్యాలయంలో అడగండి.

జామ: మొహమాటం లేకుండా కత్తిరించండి

జామ దగ్గర తేల్చుకోవలసింది ఏ కాలం కాయ కావాలన్నది. వదిలేసిన చెట్టు ఫిబ్రవరి, మార్చిలో పూసి జూలై నుంచి సెప్టెంబరు దాకా కాస్తుంది. వానలో నీరు పట్టి చప్పగా ఉంటుంది, పండుఈగ గుడ్లు పెట్టి లోపల పురుగులుంటాయి. జూన్, జూలైలో వచ్చే పూత నవంబరు నుంచి జనవరి దాకా కాయనిస్తుంది. ఆ కాయ గట్టిగా, తియ్యగా ఉంటుంది, పురుగు తక్కువ. రెండూ కావాలనుకుంటే చెట్టు బలం రెండు చోట్లా పంచుకుపోతుంది. పెరటికి శీతాకాలపు కాపే ఎంచుకోండి.

దానికి చెయ్యవలసింది ఇది: మే నెలలో, రోహిణి కార్తె లోపల, ప్రతి కొమ్మ చివరా అర అడుగు దాకా కత్తిరించండి. వానాకాలపు పిందెలు దాంతోనే పోతాయి, పోనివ్వండి. మూడు వారాల్లో కొత్త ఇగుర్లు వస్తాయి, అవి నాలుగైదు జతల ఆకులు వేసేసరికే ఆకు మొదట్లో మొగ్గ కనపడుతుంది. పూసిన నాలుగైదు నెలలకు కాయ. కోత ముగిశాక ఫిబ్రవరిలో ఎత్తు మాత్రం తగ్గించుకోండి, ఆరేడు అడుగులకు మించనివ్వనవసరం లేదు. నిలువుగా పోయే కొమ్మను తాడుతో పక్కకు వంచి కట్టినా కణుపు కణుపుకూ ఇగురు లేచి పూతకొస్తుంది. కత్తిరించడానికి మనసొప్పని వాళ్లకు ఇది మంచి ప్రత్యామ్నాయం.

ముసలి జామను నేల నుంచి మూడు నాలుగు అడుగుల దగ్గర పూర్తిగా కోసినా తట్టుకుంటుంది, ఏడాది లోపే మళ్లీ కాయ చూపిస్తుంది. మామిడికి రెండు మూడేళ్లు పట్టేది దీనికి ఒక్క ఏడు. కాకపోతే ఆకులు పసుపు తిరిగి ఒక్కో కొమ్మా ఎండుతూ వస్తుంటే అది వడలు తెగులు కావచ్చు, దాన్ని కత్తిరింపుతో నయం చెయ్యలేం. జామ మొదట్లో గునపంతో లోతుగా తవ్వి వేళ్లు తెంపితే ఆ తెగులుకు దారి ఇచ్చినట్టే.

నిమ్మ: తియ్యాల్సింది తక్కువ, వదలకూడనివి కొన్ని

నిమ్మను గుండ్రంగా కత్తిరించి అందంగా ఉంచుదామనుకోకండి. పూత పోతుంది, కోత పడిన ప్రతి చోటా గజ్జి తెగులు చేరడానికి వీలు దొరుకుతుంది. ఆ తెగులు బాక్టీరియా వాన చినుకులతో చిందుతూ పాకుతుంది, ఆకుముడత పురుగు చేసిన గాయాల్లోంచీ లోపలికి పోతుంది. కనుక పొడి రోజులు చూసుకుని, తొలకరికి ముందే, గజ్జి పట్టిన పుల్లలు, ఎండు పుల్లలు తీసి కాల్చెయ్యండి. తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చెట్టంతా తడిసేలా కొట్టండి. నేలకు ఆనే కొమ్మలను అడుగున్నర, రెండడుగుల ఎత్తు దాకా తీసేస్తే మట్టి చింది ఆకు మీద పడదు.

వదలకూడనివి నీరు కొమ్మలు. చెట్టు మొదలు దగ్గర్నుంచి నిట్టనిలువుగా, పలకలు తేలిన పచ్చటి కాండంతో, పెద్ద ముళ్లతో, వెడల్పు ఆకులతో దూసుకొస్తాయి. చెట్టు తిండి తిని కాయ ఇవ్వవు. లేతగా ఉన్నప్పుడు చేత్తో విరిచేస్తే మళ్లీ రావడం తక్కువ. ముదిరాక కత్తెరతో కోస్తే అక్కడే రెండు లేస్తాయి. బాలాజీ, పెట్లూరు సెలక్షన్ లాంటి నిమ్మ రకాలు చాలాచోట్ల విత్తనపు మొక్కలుగానే అమ్ముతారు, వాటికి అంటు గొడవ లేదు. బత్తాయి, నారింజ మాత్రం అంటు మొక్కలు. అంటు కింద నుంచి వచ్చేదేదైనా వేరే చెట్టే, కనపడగానే తీసెయ్యాలి.

పెద్దగా ముట్టుకోనవసరం లేనివి

సపోటాను వదిలెయ్యండి. అది తనంతట తానే గొడుగు కడుతుంది. ఎండు కొమ్మలు, దారికి అడ్డొచ్చే కింది కొమ్మలు తీస్తే చాలు. ఒక్క జాగ్రత్త ఉంది. సపోటా అంటు పాల చెట్టు మీద కడతారు. చెట్టు మొదలు దగ్గర్నుంచి చిన్నగా, ముదురు పచ్చగా, కొసన నొక్కు పడిన ఆకులతో రెమ్మలొస్తే అవి పాల చెట్టువి. వాటిని ఉంచితే కొన్నేళ్లకు పైనున్న సపోటా చిక్కిపోతుంది.

సీతాఫలం ఆకు రాల్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పోయినేటి కొమ్మల చివర మూడో వంతు కత్తిరించి, చెట్టుకే నల్లగా ఎండి వేలాడే కాయలన్నీ ఏరి తీసెయ్యండి. దానిమ్మకు మొదట్లో మూడు నాలుగు బోదెలు ఉంచి, చుట్టూ లేచే పిలకలను నెలకోసారి తీస్తుండాలి. పిలకలు తీసే ఓపిక లేనివాళ్లు దానిమ్మ జోలికి పోకపోవడం మేలు. అది అనంతపురం లాంటి పొడి నేలల పంట, కోస్తా తేమలో దానికి తెగుళ్ల బెడదా ఎక్కువే.

ఇంకా నాటని వాళ్లకు

ఏడాదికి రెండు పూటలు చెట్టుకు కేటాయించగలిగితే మామిడి, జామ పెట్టుకోండి. అది కుదరదనుకుంటే నిమ్మ, సపోటా. అయితే సపోటాకు చివరికి పాతిక అడుగుల చోటు కావాలి. రెండు సెంట్ల పెరట్లో మామిడే కావాలంటే బంగినపల్లి కన్నా ఆమ్రపాలి నయం. చెట్టు పొట్టిగా ఉంటుంది, ఏటా కాస్తుంది, తోటల్లో రెండున్నర మీటర్ల ఎడంలోనే నాటతారు. కాయ చిన్నది, కండ ముదురు నారింజ రంగు. బంగినపల్లి రుచికి అలవాటుపడిన ఇంట్లో ఇది నచ్చకపోవచ్చు కనుక ముందు కొని తిని చూసి నాటండి.

ఏ మామిడి అంటు అయినా రెండున్నర అడుగుల దగ్గర తల తుంచి, వెడల్పు కోణంలో పోయే మూడు నాలుగు కొమ్మలను వేర్వేరు దిక్కుల్లో ఉంచండి. అవి మళ్లీ రెండడుగులు పెరిగాక తలలు తుంచండి. మొదటి మూడేళ్ల పూత గిల్లెయ్యాలి. చిన్నప్పుడు ఈ పని చేసిన చెట్టుకు పెద్దయ్యాక రంపం అవసరం చాలా తక్కువ.

పనిముట్లు, గాయాలు

వేలి లావు దాకా సికేచర్ (కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర) చాలు. రెండు అంచులూ ఒకదాని పక్క నుంచి ఒకటి జారే కత్తెర రకమే కొనండి. ఒక అంచు చదును పలక మీద ఆనేది పచ్చి కొమ్మను నలిపేస్తుంది, ఎండు పుల్లలకే అది సరి. బొటనవేలికి మించి లావైతే పొడుగు పిడుల లాపర్, అంతకు మించితే వంపు రంపం. కత్తి, గొడ్డలి దెబ్బకు కొమ్మ చీలి బెరడు బోదె దాకా ఊడుతుంది. కరెంటు తీగల దగ్గర అల్యూమినియం గడ వాడకండి, లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే ఎక్కండి.

బరువైన కొమ్మను మూడు కోతల్లో తీస్తారు. బోదెకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు దాకా ఒకటి, దానికి రెండంగుళాలు అవతల పై నుంచి పూర్తిగా ఇంకొకటి. కొమ్మ చీలకుండా పడిపోతుంది. మిగిలిన మోడును బోదె దగ్గరి ఉబ్బుకు ఆనించి, ఉబ్బును మాత్రం కొయ్యకుండా తీసెయ్యాలి. గాయాన్ని మూసే కణజాలం ఆ ఉబ్బు నుంచే వస్తుంది. జానెడు మోడు వదిలితే అది ఎండి, కుళ్లు లోపలికి పాకుతుంది.

అంగుళం లోపు కోతలకు పూతమందు అక్కర్లేదు. అంతకు మించితే బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీటిలో, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి, రెండూ ఒకేసారి మూడో బకెట్‌లోకి పోస్తూ కలపాలి. ఇనుప పాత్ర వద్దు. ఇనుప చాకు ముంచి తీస్తే ఎర్రటి రాగి పొర పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపండి. ఏ రోజుది ఆ రోజే వాడాలి. ఇంత పని ఎందుకనుకుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని కొద్ది నీటితో రంగులా చిక్కగా కలిపి పూసినా పెరటికి సరిపోతుంది. కొత్తగా ఎండ తగిలే బోదెకు, కొమ్మలకు సున్నం పూత వేయించండి. చెట్టు మారినప్పుడల్లా పనిముట్టును సర్జికల్ స్పిరిట్‌తో తుడవాలి.

కత్తిరించిన తర్వాత పదును చూసి ఎరువు వెయ్యండి. మామిడికి ఆంధ్రా, తెలంగాణల్లో చెప్పే లెక్క చెట్టు వయసులో ఏడాదికి 100 గ్రాముల చొప్పున నత్రజని, భాస్వరం, పొటాష్, పదేళ్లు దాటితే ఒక్కోటి కిలో. దాంతో పాటు మాగిన పశువుల ఎరువు రెండు మూడు తట్టలు. బోదె దగ్గర కాదు, కొమ్మల చివరి నీడ పడేచోట గాడి తీసి వెయ్యాలి. అక్టోబరు నుంచి పూత వచ్చేదాకా మామిడికి నీళ్లు ఆపండి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. అంట్లు తోమే నీళ్లు ఏడాదంతా మామిడి పాదులోకి పోయే ఇళ్లలో చెట్టు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది, పూత మాత్రం అంతంతే. ఆ నీళ్లు అరటికి మళ్లించుకోండి.

పెద్ద కోత పడిన మామిడి బోదెను వానాకాలమంతా వారానికోసారి చుట్టూ తిరిగి చూడాలి. బెరడు మీద రంధ్రం, దాని కింద రంపపు పొట్టు లాంటి పొడి కనపడితే పురుగు లోపల ఉన్నట్టే. సన్న ఇనుప తీగ రంధ్రంలోకి దూర్చి పురుగును గుచ్చి లాగండి. అందకపోతే పెట్రోలులో తడిపిన దూది కూరి పైన తడి మట్టితో మూసెయ్యండి. వారం తర్వాత కొత్త పొడి రాలుతుంటే ఇంకో రంధ్రం ఉందన్నమాట, పైకి వెతకండి.